కొనేవాడున్న పంటకే వానాకాలం నేల

వానాకాలం సాగు అనగానే మన మాటలన్నీ వాన చుట్టూనే తిరుగుతాయి. నైరుతి ఎప్పుడు వచ్చింది, మృగశిరలో ఎంత కురిసింది, ఆరుద్రలో ముఖం చాటేసిందా, చెరువులు మత్తడి దూకాయా అని అడుగుతాం. మొత్తం ఎన్ని ఎకరాల్లో విత్తనం పడుతుందన్నది నిజంగానే వాన చేతిలో ఉంది. ఆ ఎకరాల్లో ఏ పంట ఎంత చోటు తీసుకుంటోంది, ఏది ఏటేటా పెరుగుతోంది, ఏది పొలం గట్టు దాటి వెళ్లిపోతోంది అనేది మాత్రం వేరే ప్రశ్న. గడచిన పది పన్నెండేళ్ల లెక్కలు ముందు పెట్టుకుని చూస్తే దానికి జవాబు ఆకాశంలో దొరకదు. పండిన పంటను దగ్గర్లోనే, ముందే చెప్పిన ధరకు, కాదనకుండా కొనేవాడు ఏ పంటకు ఉన్నాడో ఆ పంటకే నేల పోతోంది. ఈ పూట నేను చెప్పదలచుకున్న మాట ఇదే.

ముందు తెలంగాణ సంగతి చూద్దాం, ఎందుకంటే దేశంలో ఇంత తక్కువ కాలంలో ఇంతగా మారిన వానాకాలం చిత్రం మరొకటి అరుదు. రాష్ట్రం ఏర్పడిన 2014లో వానాకాలం వరి సుమారు 22, 23 లక్షల ఎకరాలు. 2020లో అది 50 లక్షలు దాటింది. 2024 వానాకాలంలో 66 లక్షల ఎకరాలు దాటి, ధాన్యం దిగుబడి 153 లక్షల టన్నులని ప్రభుత్వం ప్రకటించింది. పత్తి కథ కొంచెం వంకర టింకరగా సాగింది. 2020లో 60 లక్షల ఎకరాల దాకా ఎక్కి, 2024 నాటికి 44 లక్షల ఎకరాల దరిదాపులకు దిగింది. ఈ రెండూ కలిస్తేనే వానాకాలంలో సాగయ్యే ప్రతి వంద ఎకరాల్లో ఎనభైకి పైగా అయిపోతాయి. మిగిలిన చోట్లోనే కంది, సోయాబీన్, మొక్కజొన్న, పెసర, మినుము, జొన్న అన్నీ సర్దుకోవాలి. జొన్న పేరు ఇప్పుడు వానాకాలం నివేదికల్లో చివరి వరుసల్లో కనిపిస్తుంది. దేశం మొత్తం మీద 1960ల మొదట్లో 1.8 కోట్ల హెక్టార్లలో ఉన్న జొన్న ఇవాళ 40 లక్షల హెక్టార్ల దరిదాపులకు వచ్చింది. అన్నట్టు, కేంద్రం హెక్టార్లలో చెబుతుంది, మన రాష్ట్రాలు ఎకరాల్లో చెబుతాయి. హెక్టారంటే రెండున్నర ఎకరాలని గుర్తు పెట్టుకుంటే పత్రికల్లో వచ్చే అంకెలు ఒకదానితో ఒకటి పోట్లాడవు.

వరి ఇంతగా పెరగడానికి కారణం నీళ్లే కదా అని ఎవరైనా అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీశారు. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. 2019 జూన్‌లో కాళేశ్వరం ప్రారంభమైంది. నీళ్లు లేకుండా వరి లేదు, అది పిల్లవాడికైనా తెలుసు. అయితే నీళ్లుంటే చాలు వరి దానంతటదే పెరుగుతుందన్న వాదానికి ఒక గట్టి పరీక్ష 2021–22 యాసంగిలో జరిగింది. ఇది వానాకాలం ముచ్చట కాదు గానీ మన ప్రశ్నకు ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు. ఉప్పుడు బియ్యం ఇకమీదట తీసుకోలేమని భారత ఆహార సంస్థ తేల్చి చెప్పింది. యాసంగి ధాన్యానికి ఎండల వల్ల నూక ఎక్కువ, అందుకే మిల్లర్లు దాన్ని ఉప్పుడు బియ్యంగా మారుస్తారు. కేంద్రం వద్దంది, రాష్ట్రం కొనుగోలు కేంద్రాలు పెట్టబోనంది. ఆ ఏడు చెరువుల్లో నీళ్లున్నాయి, బోర్లలో నీళ్లున్నాయి, కరెంటుంది, రైతుబంధు పెట్టుబడి సాయం ఉంది. ఉన్నవన్నీ ఉండగా వరి విస్తీర్ణం అంతకు ముందు యాసంగిలోని 52 లక్షల ఎకరాల నుంచి 36 లక్షల లోపుకు పడిపోయింది. మరుసటి ఏడు కొంటారని ధైర్యం రాగానే మళ్లీ 55 లక్షలు దాటింది. నీళ్లు మారలేదు, నేల మారలేదు. మారింది కొనేవాడి మాట ఒక్కటే. దీనికి మరో కొస కూడా ఉంది. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగి ఎత్తిపోతలు ఆగాక వచ్చిన 2024 వానాకాలంలోనే వరి రికార్డు సృష్టించింది. వానలు బాగా పడ్డ మాట నిజమే, కానీ కొనుగోలు మీద నమ్మకం లేకపోతే ఆ వానకు అన్ని నాట్లు పడేవి కావు.

అదే 2024లో ఇంకొకటి జరిగింది. సన్న ధాన్యానికి మద్దతు ధర పైన క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించి, 33 రకాలను గుర్తించింది. దొడ్డు రకాలు వేస్తున్న రైతులు సన్నాలకు మళ్లారు. ప్రభుత్వ లెక్క ప్రకారం సన్నాల విస్తీర్ణం 25 లక్షల ఎకరాల నుంచి 40 లక్షల ఎకరాలకు పెరిగింది. ఒక్క సీజన్‌లో, ఒక్క ప్రకటనకు, పదిహేను లక్షల ఎకరాలు రకం మార్చాయి. రైతులు మారరు, తాతలనాటి అలవాటు వదలరు, పక్కవాడు వేస్తే వేస్తారు అని సభల్లో చెప్పేవాళ్లు ఈ అంకె దగ్గర కాసేపు ఆగితే బాగుంటుంది.

కొనుగోలు హామీ అంటే కాగితం మీది మద్దతు ధర అని అనుకోకూడదు. మద్దతు ధర ఇరవైకి పైగా పంటలకు ఉంది. 2025–26కు సాధారణ రకం వరికి క్వింటాలు 2,369 రూపాయలు, కందికి 8,000, హైబ్రిడ్ జొన్నకు 3,699. కాగితం మీద చూస్తే కంది ఎంతో మెరుగు. కాగితం దిగి కల్లంలోకి వస్తే కథ మారిపోతుంది. వడ్లకు ఐకేపీ మహిళా సంఘాలో సహకార సంఘమో నడిపే కొనుగోలు కేంద్రం సొంత ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉంటుంది. తెలంగాణలో అలాంటివి ఏటా వేల సంఖ్యలో తెరుస్తారు. తేమ 17 శాతం లోపు రావాలి, తాలు ఎగరబోయాలి, గోనె సంచుల కోసం, లారీ కోసం ఎదురుచూడాలి, మిల్లు దగ్గర తరుగు పేరుతో సంచికి కిలో రెండు కిలోలు కోస్తే కడుపు మండాలి. ఇన్ని బాధలున్నా చివరికి ధాన్యం అమ్ముడుపోతుంది, డబ్బు ఖాతాలో పడుతుంది. కందికి మార్క్‌ఫెడ్ కేంద్రం మండలంలో ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అది తెరిచేసరికి సంక్రాంతికి ముందే అప్పుకు తగ్గించి అమ్ముకున్న చిన్న రైతు చేతిలో గింజ మిగలదు. రాష్ట్రంలో పండినదాంట్లో నాలుగో వంతు వరకే కొంటామన్న కేంద్రం పరిమితి ఏళ్ల తరబడి నడిచింది. కంది, మినుము, మసూరుకు ఆ తర్వాత దాన్ని సడలించారు. దేశంలో మద్దతు ధరకు నిజంగా అమ్ముకోగలిగిన రైతులు వందకు ఆరుగురేనని 2015లో శాంతకుమార్ కమిటీ తేల్చింది. ఆ ఆరుగురిలో ఎక్కువ మంది వరి, గోధుమ రైతులే అయి ఉంటారని వేరే చెప్పనక్కర్లేదు.

ఎకరం లెక్క కూడా ఒకసారి వేసి చూద్దాం. ఎకరానికి 22 క్వింటాళ్ల వడ్లు పండితే మద్దతు ధరకు 52 వేల పైన వస్తుంది. వర్షాధారం కంది ఎకరానికి నాలుగు క్వింటాళ్లు పండితే, మద్దతు ధరే చేతికొచ్చినా 32 వేలు. వరికి ఖర్చు చాలా ఎక్కువ కాబట్టి మిగులులో ఈ తేడా బాగా తగ్గుతుంది. మెట్ట చెల్కలో అయితే కందే లాభమనిపించే ఏళ్లూ ఉంటాయి. కానీ కంది జూన్‌లో విత్తితే జనవరి దాకా నేలను విడిచిపెట్టదు, రెండో పంటకు దారి మూసేస్తుంది. పూత మీద మబ్బు పట్టినా, శనగపచ్చ పురుగు పడినా, ఎండు తెగులు తగిలినా నాలుగు క్వింటాళ్లు రెండవుతాయి. ఇంత ముప్పును రైతు నెత్తిన వేసుకోవాలంటే, కనీసం ధర విషయంలోనైనా ముప్పు ఉండకూడదు. వడ్లలో రెండు ముప్పులూ తక్కువ, కందిలో రెండూ ఎక్కువ. దానికి తోడు సన్న వడ్లకు బోనస్ కలిస్తే, ఎకరానికి 20 క్వింటాళ్ల మీద మరో పది వేలు వరి వైపు తూకం వాలుతుంది. మేం పంట మార్పిడిని ప్రోత్సహిస్తున్నామని ఒక చేత్తో కరపత్రాలు పంచుతూ రెండో చేత్తో ఈ పది వేలు ఇస్తే, రైతు ఏ చేతిని నమ్ముతాడు?

చెప్పడానికీ కొనడానికీ ఉన్న తేడా 2020 వానాకాలంలో బాగా బయటపడింది. ఆ ఏడు మే నెలలో తెలంగాణ ప్రభుత్వం నియంత్రిత సాగు ప్రకటించింది. వానాకాలంలో మొక్కజొన్న వద్దంది, కంది పెంచమంది, పత్తి బాగా వేయమంది, చెప్పిన పంట వేస్తేనే రైతుబంధు అంది. మొక్కజొన్న కొనబోమని స్పష్టంగా చెప్పింది కాబట్టి, అంతకు ముందు పది లక్షల ఎకరాలకు అటూ ఇటూగా ఉన్న ఆ పంట మూడు లక్షల లోపుకు కుంగిపోయింది. కంది పది లక్షల ఎకరాలు దాటింది. అంటే మాట పనిచేసినట్టే కనిపించింది. కానీ ఆ కందిని ఎవరు, ఎక్కడ, ఎంత కొంటారన్న ఏర్పాటు ఆ మాట వెనక లేదు. డిసెంబరు చివరికే ప్రభుత్వం వెనక్కి తగ్గి, కొనుగోళ్లలో అప్పటిదాకా 7,500 కోట్ల రూపాయలు నష్టపోయామని, ఇకమీదట ఎవరికి నచ్చిన పంట వాళ్లు వేసుకోవచ్చని చెప్పేసింది. 2021 మేలో కేంద్రం కందుల దిగుమతిని స్వేచ్ఛగా వదిలింది, ఆ తర్వాతి ఏళ్లలోనూ పొడిగింపులతో ఆ తలుపు తెరిచే ఉంచింది. మయన్మార్ నుంచి, మొజాంబిక్ నుంచి, టాంజానియా నుంచి ఓడలొచ్చాయి. 2022 వానాకాలానికి తెలంగాణలో కంది ఆరు లక్షల ఎకరాల లోపుకు దిగింది. వేయమన్నప్పుడు వేసినవాళ్లే, కొనేవాడు కనిపించక మానుకున్నారు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. గుర్తింపు పత్రం గోడకు వేలాడుతుంది, కందులు మార్కెట్ యార్డులో పడి ఉంటాయి.

ఇది వర్షాధార పంటల గొడవ అనుకుంటే కోనసీమ వైపు చూడండి. నీళ్లకు లోటు లేని నేల, పల్లపు చేలల్లో సార్వా, అంటే వానాకాలం వరి తప్ప మరో పంట నిలవని నేల. ఒండ్రు భూముల్లో సెప్టెంబరు, అక్టోబరు ముంపును తట్టుకోవడానికే మారుటేరు పరిశోధన కేంద్రం ప్రత్యేకంగా రకాలను ఇచ్చింది. అలాంటి కోనసీమలో 2011 సార్వాకు రైతులు క్రాప్ హాలిడే ప్రకటించి దాదాపు లక్ష ఎకరాలు ఖాళీగా వదిలేశారు. సాధారణ బియ్యం ఎగుమతి మీద 2008లో పెట్టిన నిషేధం అప్పటికీ కొనసాగుతోంది. గోదాములు నిండిపోయాయి, మిల్లర్లు మద్దతు ధరకన్నా తక్కువకు అడిగారు, కూలి పెరిగింది, మురుగు కాలువలు పూడిపోయాయి. కారణాలు తేల్చడానికి మోహన్ కందా అధ్యక్షతన ప్రభుత్వం కమిటీ వేసింది. ఆ ఏడు సెప్టెంబరులో ఎగుమతులకు అనుమతి వచ్చింది గానీ అప్పటికి సార్వా అదను దాటిపోయింది. నీరుండి, అనువైన నేల ఉండి, తరాల అనుభవం ఉండి కూడా కొనేవాడు ముఖం తిప్పుకుంటే వరి సైతం నిలవదన్నదానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అయితే ఈ వాదానికి అడ్డు తగిలే ఉదాహరణ ఒకటి ఉంది, దాన్ని దాటేసి వెళ్లడం న్యాయం కాదు. అది అనంతపురం వేరుశనగ. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే ఆ జిల్లా ఒకప్పుడు వానాకాలంలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో వేరుశనగ వేసేది. ఎర్ర నేలల్లో కొర్ర, జొన్న, అలసంద, ఆముదం మీద వేరుశనగ పరుచుకోవడానికి కారణం కూడా హామీయే. 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ వచ్చింది, విదేశీ నూనెకు అడ్డుకట్ట పడింది, ధర పెరిగింది. తర్వాత ఏటా మే నెలాఖరుకు సబ్సిడీ విత్తన కాయల కోసం బారులు తీరిన వరుసలు, పంట రుణం, బీమా, కరువు వస్తే పెట్టుబడి రాయితీ, ఇవన్నీ వేరుశనగ చుట్టూనే అల్లుకున్నాయి. 1990ల మధ్యలో పామాయిల్ దిగుమతికి గేట్లు తెరిచాక ధర మీద దెబ్బ పడింది. అయినా విత్తనం, రుణం, బీమా ఆ పంటకే ముడిపడి ఉండటంతో, గింజ పండని ఏళ్లలో కూడా రైతు దాన్ని వదలలేకపోయాడు. 2000లో కాండం కుళ్లు తెగులు వచ్చింది, వరస కరువులు వచ్చాయి, అప్పులు వచ్చాయి, ఆత్మహత్యలు వచ్చాయి. ఇప్పుడు ఆ విస్తీర్ణం నాలుగో వంతుకు అటూ ఇటూగా వచ్చి కంది, ఆముదం, మొక్కజొన్న, చీనీ తోటలు ఆ చోటు పంచుకుంటున్నాయి. కాబట్టి హామీ ఉంటే చాలు అంతా బాగుంటుందని నేననడం లేదు. ఒకే పంటకు ఇచ్చే హామీ ఆ నేలను ఆ పంటకు కట్టిపడేస్తుంది. అనంతపురంలో వేరుశనగకు జరిగింది ఇవాళ తెలంగాణలో వరికి జరుగుతోంది. నేల దానికి సరిపోతుందా లేదా అని ఎవరూ అడగడం లేదు.

వానాకాలం వరి తప్పేమిటి, వాన నీళ్లతో పండుతుంది, మడిలో నిలిచిన నీరు భూగర్భానికి చేరుతుంది కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. చెరువు కింది మాగాణిలో, డెల్టాలో, నీరు నిలిచే పల్లంలో వానాకాలం వరి కన్నా తగిన పంట లేదు. అక్కడ కంది వేయమని ఎవరైనా అంటే నవ్వాలి. నా అభ్యంతరం బోరు నీటితో ఎర్ర చెల్కల్లో, దుబ్బ నేలల్లో వేస్తున్న వరి మీద. ఆ నేల నీటిని పట్టుకోదు. ఆగస్టులో రెండు వారాలు వాన మొహం చాటేస్తే మోటారు రాత్రింబగళ్లు నడవాలి, వానాకాలం పంటకు కూడా యాసంగి నీళ్లు ఖర్చవుతాయి. పదేళ్ల కిందట కంది, పెసర, ఆముదం, జొన్న కలిపి చల్లిన ఆ చెల్కలే ఇవాళ ట్రాక్టరు బ్లేడుతో చదును చేసి మడులయ్యాయి. పెరిగిన నలభై లక్షల ఎకరాల వరిలో ఇలాంటి నేల ఎంతన్నది మండలాల వారీగా తేల్చడం ఇవాళ్టి అసలు పని.

కూలీల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే పంటల మార్పులో దాని వాటా చాలామంది అనుకునేదానికన్నా పెద్దది. వరి నాటుకు బీహార్ నుంచి, బెంగాల్ నుంచి గుంపులు వస్తున్నాయి. నాటే వద్దనుకుంటే వెదజల్లే పద్ధతి ఉంది. కోత మిషన్ గంటలో ఎకరం కోసి, నూర్చి, ట్రాలీలో పోస్తుంది. పత్తికి అలాంటి మిషన్ ఇంకా మన చేలల్లోకి రాలేదు. ఏరుడు కూలి కిలో లెక్కన కట్టాలి, మూడు నాలుగు సార్లు ఏరాలి. 2002లో అనుమతి పొందిన బీటీ విత్తనం గులాబీ రంగు పురుగు ముందు చేతులెత్తేశాక మందుల ఖర్చు తిరిగొచ్చింది. పత్తికి కొనేవాడు లేడనలేం. 2024–25లో భారత పత్తి సంస్థ కోటి బేళ్లు కొంటే అందులో దాదాపు నలభై లక్షలు తెలంగాణవే. కానీ తేమ 8 శాతం ఉంటేనే పూర్తి ధర, 12 దాటితే వెనక్కి. మంచు పడే నవంబరు పొద్దుట ఏరిన పత్తికి ఆ 12 దాటడం ఎంతసేపు? ఇక వేరుశనగ పీకాలి, కాయ కోయాలి, అడవి పందులను కాయాలి. మొక్కజొన్న కంకిని కోతులు వదలవు. ఇంటిల్లిపాదీ కాపలా ఉండలేని ఊళ్లలో పొలాలు వరికి మళ్లడం చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. అందుకే కొనుగోలు హామీ ఒక్కటే మందు అని చెప్పడం తప్పు. మిషన్‌తో కోయగల పొట్టి కంది రకాలు కావాలి, తక్కువ రోజుల రకాలు కావాలి, పందుల గురించి, కోతుల గురించి అటవీ శాఖ, వ్యవసాయ శాఖ ఒక చోట కూర్చోవాలి. అయినా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మిషన్లు వరికి ముందు ఎందుకొచ్చాయి? లక్షల ఎకరాల్లో ఏటా తప్పకుండా పండే పంట కాబట్టి వచ్చాయి. నిలకడైన విస్తీర్ణం ఉన్న చోటికే యంత్రం వస్తుంది, విత్తన పరిశోధన వస్తుంది, బ్యాంకు వస్తుంది.

అన్ని పంటలూ ప్రభుత్వమే కొనాలంటే ఖజానా తట్టుకుంటుందా అన్నది పెద్ద అభ్యంతరం. అన్నీ, పండినదంతా, ఎప్పటికీ కొనమని ఎవరూ అడగడం లేదు. గిట్టుబాటు ధరకు కొనేవాడు బజారులో నిలబడ్డాడంటేనే ప్రైవేటు వ్యాపారి తన ధర పెంచుకుంటాడు. పత్తికి క్వింటాలు పది వేలు పలికిన 2021–22లో పత్తి సంస్థ తక్కెడ తీయాల్సిన పనే పడలేదు. ఖర్చు గురించి మాట్లాడేటప్పుడు ఇప్పుడు చేస్తున్న ఖర్చును కూడా లెక్కలోకి తీసుకోవాలి. గోదాముల్లో పట్టని బియ్యాన్ని ఆహార సంస్థ 2025లో క్వింటాలు 2,250 రూపాయలకు ఇథనాల్ కంపెనీలకు ఇచ్చింది. ఆ బియ్యం సేకరించి, మరపట్టించి, నిల్వ చేయడానికి అయిన ఖర్చు దానికి చాలా పైన ఉంటుంది. చెల్కలో భూగర్భ జలం తోడి పండించిన వరి చివరికి పెట్రోలులో కలుస్తోంది. అదే సమయంలో 2024–25లో దేశం దాదాపు 73 లక్షల టన్నుల పప్పుధాన్యాలు దిగుమతి చేసుకుంది, అంతకు ముందెన్నడూ అంత తేలేదు. వంటనూనె ఏటా కోటిన్నర టన్నులకు పైగా బయటి నుంచే వస్తోంది. డబ్బు ఖర్చవుతూనే ఉంది. అది మనకు మిగిలిపోయే పంటకు ఖర్చవుతోంది, మనకు చాలని పంటకు కావడం లేదు.

ఇథనాల్ పేరు వచ్చింది కాబట్టి మొక్కజొన్న మాట కూడా చెప్పి వదిలేస్తాను. డిస్టిలరీలు మొక్కజొన్న కొనడం మొదలుపెట్టాక దేశంలో ఆ పంట వానాకాలంలో వేగంగా పెరిగింది, 2025లో సోయాబీన్, పత్తి నేల కొంత దానికి పోయింది. ఇక్కడ కొనేవాడు ప్రభుత్వం కాదు, కంపెనీ. ఆ ఏడు కోతల వేళకు చాలా మార్కెట్లలో ధర మద్దతు ధర 2,400 కన్నా దిగువకు పడింది. కొనేవాడున్నాడని రైతు నమ్మాడు, కొనాల్సిన బాధ్యత మాత్రం వాడి మీద లేదు. ఆ తేడా తెలియడానికి ఒక సీజన్ పట్టింది.

హామీని వేరే పంటల మీదికి మళ్లించడం సాధ్యమేనా అంటే పొరుగున చూడొచ్చు. ఒడిశా ప్రభుత్వం 2017లో మిల్లెట్ మిషన్ ప్రారంభించి, కోరాపుట్, మల్కాన్‌గిరి లాంటి గిరిజన జిల్లాల్లో రాగులను మద్దతు ధరకు గిరిజన సహకార సంస్థ ద్వారా కొనిపించింది. మొదటి ఏడు కొన్నది ఇరవై వేల క్వింటాళ్ల లోపే. కొద్ది ఏళ్లలోనే అది లక్షల క్వింటాళ్లకు చేరింది, కొన్న రాగులు రేషన్ కార్డులకూ అంగన్‌వాడీలకూ వెళ్లాయి. కర్ణాటక ఏళ్లుగా రాగులు, జొన్నలు కొని రేషన్‌లో ఇస్తోంది. మన జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990లలోనే పడావు భూముల్లో జొన్న పండించి, ఊళ్లోనే కొని, ఊళ్లోని పేదలకే తక్కువ ధరకు పంచే ధాన్యం నిధి నడిపాయి. తినేవాడిని పండించేవాడితో కలపడం కష్టం కాదని తెలంగాణ ప్రభుత్వమే నిరూపించింది. 2024 వానాకాలంలో బోనస్ ఇచ్చి కొన్న సన్నాలను 2025 ఉగాది నాటికి సన్న బియ్యంగా రేషన్ షాపుల్లో పెట్టింది. వరికి చేసిన పనే కందిపప్పుకు, పల్లి నూనెకు, జొన్నలకు, రెండు రాష్ట్రాల్లోని సంక్షేమ హాస్టళ్ల, గురుకులాల, మధ్యాహ్న భోజనాల వంటగదుల కోసం చేయొచ్చు. ఆ వంటగదులకు రోజూ పప్పు కావాలి, అది ఇప్పుడు కాంట్రాక్టరు దుకాణం నుంచి వస్తోంది.

ఎక్కడ ఎంత పండుతోందో తెలియదన్న సాకు కూడా ఇప్పుడు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదు ఉంది, ఊరూరా రైతు సేవా కేంద్రం ఉంది. తెలంగాణలో 2,601 రైతు వేదికలున్నాయి, విస్తరణ అధికారులు సర్వే నంబరు వారీగా పంట రాసుకుంటున్నారు. సెప్టెంబరు నాటికి ఏ మండలంలో ఎన్ని ఎకరాల కంది నిలబడి ఉందో కంప్యూటరులో ఉంటుంది. జనవరిలో కొనుగోలు కేంద్రం ఎక్కడ పెట్టాలో అప్పుడే నిర్ణయించడానికి అడ్డేమిటి? సాధనాలుండి కూడా రైతును ముప్పుకు వదిలేసిన తీరు పంట బీమాలోనూ ఉంది. 2020లో రెండు రాష్ట్రాలూ కేంద్ర బీమా పథకం నుంచి బయటికొచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2022లో తిరిగి చేరింది, తెలంగాణలో మెట్ట రైతు ఆ తర్వాత చాలా సీజన్లు ఏ రక్షణా లేకుండానే విత్తాడు.

ప్రభుత్వాలకు నా విన్నపం ఒక్కటే. వచ్చే వానాకాలానికి పంట మార్చమని రైతుకు చెప్పే ముందు, రోహిణి కార్తె ముగిసేలోగా ప్రతి మండలంలోనూ ఒక కాగితం అంటించండి. కంది, పెసర, మినుము, వేరుశనగ, జొన్న ఏ కేంద్రంలో కొంటారు, ఏ తేదీ నుంచి, ఎన్ని క్వింటాళ్ల దాకా, డబ్బు ఎన్ని రోజుల్లో వేస్తారు అన్న నాలుగు సంగతులు అందులో ఉంటే చాలు. రైతు శ్రోతలారా, రేపు రైతు వేదికలోనో సేవా కేంద్రంలోనో పంట మార్పిడి మీద సమావేశం పెడితే, విత్తనం గురించి అడిగే ముందు ఆ కాగితం ఏదని అడగండి.